సాఫ్ ఇన్‌స్టంట్ ఈస్ట్: ఎరుపు కొనాలా, గోల్డ్ కొనాలా?

బ్రెడ్డు పిండిని పొంగించే సాఫ్ బ్రాండు ఇన్‌స్టంట్ ఈస్ట్ ముఖ్యంగా రెండు రంగుల ప్యాకెట్లలో దొరుకుతుంది. ఒకటి ఎరుపు, రెండోది బంగారు రంగు. పేరు చూసి గోల్డ్ అంటే మేలు రకమనీ, ఎరుపు అంటే నాసిరకమనీ అనుకుని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ లెక్క తప్పు. మామూలు బ్రెడ్డు చేసే ఇంట్లో గోల్డ్ ఉంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు. తీపి బన్నులు చేసే ఇంట్లో ఎరుపు ఒక్కటే ఉంటే మాత్రం పిండి ముందు కూర్చుని గడియారం చూడాల్సి వస్తుంది. ఏది కొనాలో తేల్చేది మీ పిండిలో పడే చక్కెర.

ఎంత చక్కెర అన్నది కప్పులతో కాకుండా శాతాల్లో చూడాలి. బేకింగ్‌లో లెక్క ఎప్పుడూ పిండి బరువును 100గా తీసుకునే వేస్తారు. 500 గ్రాముల మైదాలో 25 గ్రాముల చక్కెర పడితే 5 శాతం, 100 గ్రాములు పడితే 20 శాతం. 5 శాతం లోపు ఉంటే ఎరుపు. 10 శాతం దాటితే గోల్డ్. మధ్యలో ఉంటే ఇంట్లో ఏది ఉంటే అది వేసుకోవచ్చు, తేడా పెద్దగా తెలియదు. తేనె వేస్తే దాని బరువులో దాదాపు 80 శాతం చక్కెరగా లెక్కేయాలి. కండెన్స్‌డ్ మిల్క్ వేస్తే సగానికి పైగా చక్కెరే. బన్ను లోపల పెట్టే జామ్, కస్టర్డ్ మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి పిండిలో కలవవు కాబట్టి ఈస్ట్‌కు వాటితో పనిలేదు. ఫిల్లింగ్ ఎంత తీపిగా ఉన్నా పిండిలో చక్కెర తక్కువైతే ఎరుపే చాలు.

ఈ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే ప్యాకెట్టు మీద రాసినదాన్ని గుడ్డిగా నమ్మాల్సిన అవసరం ఉండదు. చక్కెర ఈస్ట్‌కు మేతే, కానీ ఎక్కువైతే అదే శత్రువు. ఉప్పు చల్లిన దోసకాయ ముక్కల్లోంచి నీరు ఊరినట్టే, చక్కెర చిక్కగా ఉన్నచోట ఈస్ట్ కణాల్లోంచి నీరు బయటికి లాగేయబడుతుంది. కణం ముడుచుకుపోయి పని నెమ్మదిస్తుంది. పైగా మామూలు ఈస్ట్‌లో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ. అది పంచదారను చకచకా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టేస్తుంది. ఒక్క అణువు ఉన్నచోట రెండు తయారవుతాయి, కణం మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అంటే ఎర్ర ప్యాకెట్టు ఈస్ట్ తీపి పిండిలో తన గోతిని తనే తవ్వుకుంటుందన్నమాట. గోల్డ్‌లో వాడే రకానికి ఈ ఎంజైమ్ తక్కువ, పైగా కణంలో గ్లిసరాల్ నిలవ చేసుకుని నీటిని పట్టి ఉంచుకునే శక్తి ఎక్కువ. అందుకే 20 శాతం చక్కెరలోనూ నిలదొక్కుకుంటుంది.

వంటింట్లో ఇది ఎలా కనిపిస్తుందంటే, 26, 27 డిగ్రీల గదిలో 20 శాతం చక్కెర, తగినంత వెన్న ఉన్న పిండి గోల్డ్‌తో సుమారు గంటన్నరలో రెండింతలవుతుంది. అదే పిండి ఎరుపుతో రెండున్నర గంటలు దాటినా బద్ధకంగానే ఉండొచ్చు. ఓపిక ఉంటే ఎరుపుతోనూ మంచి బన్నులొస్తాయి, ఈస్ట్‌ను మూడో వంతు పెంచి, టైమ్ ఎక్కువ ఇస్తే సరి. కాబట్టి గోల్డ్ దొరకలేదని తీపి బన్నులు మానుకోనక్కర్లేదు. రుచిలో మాత్రం రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తయారీదారు లెసాఫ్ర్ అనే ఫ్రెంచ్ సంస్థ, 1853 నుంచి ఉంది. ఇన్‌స్టంట్ ఈస్ట్‌ను వీళ్లు 1970ల్లో మార్కెట్లోకి తెచ్చారు. అంతకుముందు పొడి ఈస్ట్ అంటే యాక్టివ్ డ్రై రకమే. అందులో గింజలు గుండ్రంగా, లావుగా ఉంటాయి. ఎండబెట్టే వేడికి పైపొరలోని కణాలు చచ్చిపోయి, లోపలి బతికున్న కణాల చుట్టూ పెంకులా మిగులుతాయి. ఆ పెంకు కరగడానికే ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. ఇన్‌స్టంట్ అలా కాదు. ఒక చిటికెడు తెల్ల కాగితం మీద పోసి చూడండి. పెన్సిల్ ములికి విరిగిన ముక్కల్లాంటి సన్నని, పొట్టి కడ్డీలు కనిపిస్తాయి, లేత గోధుమ రంగులో. వేళ్ల మధ్య నలిపితే తేలిగ్గా పొడవుతాయి, ముద్దకట్టవు. ముద్దకడితే తేమ తగిలిందని అర్థం. వాసన కమ్మగా, కొంచెం గింజల వాసనలా ఉండాలి. పుల్లటి వాసన గానీ, పాత జున్ను వాసన గానీ వస్తే ఆ ప్యాకెట్టును వదిలేయండి.

లేబుల్ మీద ఈస్ట్‌తో పాటు సార్బిటాన్ మోనోస్టియరేట్, ఆస్కార్బిక్ యాసిడ్ అని ఉంటాయి. మొదటిది కణం మరీ ఎండిపోకుండా, మళ్లీ నీళ్లు పీల్చుకునేటప్పుడు దెబ్బతినకుండా కాపాడుతుంది. రెండోది విటమిన్ సి, చాలా కొద్దిగా ఉంటుంది, పిండికి కాస్త బిగువునిస్తుంది. భయపడాల్సిన పేర్లేమీ కావు.

ఇతర రకాల ఈస్ట్‌కు రాసిన కొలతలను మార్చుకోవాలంటే 10 గ్రాముల తాజా ఈస్ట్‌కు యాక్టివ్ డ్రై 4 గ్రాములు, ఇన్‌స్టంట్ 3 నుంచి 3.5 గ్రాములు. తాజా ఈస్ట్‌లో మూడింట రెండొంతులకు పైగా నీరే, అందుకే అంత తేడా. ఇన్‌స్టంట్ ఒక టీస్పూన్ సమంగా కొలిస్తే సుమారు 3 గ్రాములు. కానీ కుప్పగా తీస్తే 4, 5 కూడా తూగుతుంది. రాత్రంతా పులియబెట్టే పిండిలో 1 గ్రాముకూ 2 గ్రాములకూ పొద్దున లేచేసరికి చాలా తేడా ఉంటుంది. 0.1 గ్రాము వరకు తూచే చిన్న త్రాసు ఉంటే ఈస్ట్ గురించిన సగం ఫిర్యాదులు పోతాయి.

ప్యాకింగ్‌కు మాత్రం మంచి మార్కులు వేయలేం. 500 గ్రాముల ప్యాకెట్టు గాలి తీసేసి ఇటుకలా గట్టిగా ఉంటుంది, అంతవరకు బాగుంది. నొక్కితే మెత్తగా ఉన్న ప్యాకెట్టు కొనకూడదు, ఎక్కడో గాలి చొరబడినట్టే. సమస్య తెరిచాక మొదలవుతుంది. కత్తెర పడగానే ఇటుక కాస్తా ఇసుకవుతుంది, తిరిగి మూయడానికి జిప్పు లాంటిదేమీ ఉండదు. మడిచి రబ్బరు బ్యాండు వేస్తే సరిపోదు. బిగుతు మూత ఉన్న గాజు సీసాలోకి ఒంపి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు నెలలు, ఫ్రీజర్‌లో పెడితే ఏడాది దాకా బాగా పనిచేస్తుంది. గది వేడిలో తెరిచి ఉంచితే కొన్ని వారాల్లోనే బలం తగ్గుతుంది. ఫ్రీజర్ లోంచి తీసిన సీసాను మూత తీసి గట్టు మీద వదిలేయకండి, చల్లటి గింజల మీద గాలిలోని తేమ చేరుతుంది. కావలసినంత తీసుకుని వెంటనే లోపల పెట్టేయాలి. తీసిన ఈస్ట్‌ను మాత్రం చల్లదనం పోయేదాకా ఆగనక్కర్లేదు, అలాగే పిండిలో వేయొచ్చు.

500 గ్రాములంటే బరువు తక్కువగానే అనిపిస్తుంది. సారికి 7 గ్రాముల చొప్పున 70 సార్ల పైనే వస్తుంది. వారానికోసారి చేసే ఇంటికి ఏడాదికి పైగా సరిపడా. ఫ్రీజర్‌లో చోటు లేనివాళ్లకు 125 గ్రాముల ప్యాకెట్టే తెలివైన పని. పెద్ద ప్యాకెట్టు విప్పి కవర్లలో పోసి అమ్మే ఈస్ట్‌ను ఎంత చవకైనా కొనకండి. ఎప్పుడు విప్పారో, ఎక్కడ పెట్టారో, అసలు అది ఎరుపో గోల్డో తెలుసుకునే దారే లేదు. చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి.

ఎర్ర ప్యాకెట్టు గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే అది చెప్పిన పని చేస్తుంది. 500 గ్రాముల మైదా, 325 గ్రాముల నీళ్లు, 9 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఈస్ట్. పది నిమిషాలు పిసికి, 26 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర రెండింతలయ్యేదాకా పొంగనిచ్చి, చుట్టి టిన్నులో పెట్టి ఇంకో 45 నుంచి 60 నిమిషాలు ఆగాలి. 220 డిగ్రీల్లో 15 నిమిషాలు, 200కు తగ్గించి మరో 20 నిమిషాలు. మధ్యలో గుచ్చిన థర్మామీటర్ 95 డిగ్రీలు చూపిస్తే ఉడికినట్టు. ఈ కొలతలో ఎరుపు ఈస్ట్ గడియారం పెట్టినట్టు పనిచేస్తుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలనుకుంటే ఈస్ట్‌ను 2 గ్రాములకు తగ్గించండి. నెమ్మదిగా పులిసిన ఆ బ్రెడ్డు రుచే వేరు, ఆదరాబాదరాగా రెండు గంటల్లో లాగించిన దానికి అది రాదు.

అసలు పరీక్ష ఫిల్లింగ్ పెట్టిన తీపి బన్ను దగ్గరే. గోల్డ్‌కు సరిపోయే కొలత ఇది. మైదా 500 గ్రాములు, ప్రొటీన్ 11, 12 శాతం ఉన్నదైతే మంచిది. చక్కెర 100, వెన్న 90, గుడ్డు ఒకటి, పాలు 240, ఉప్పు 8, గోల్డ్ ఈస్ట్ 7 గ్రాములు. మొత్తం కిలోకు కాస్త అటూ ఇటూ వస్తుంది, 50 గ్రాముల చొప్పున 20 ఉండలు.

పాలు పచ్చివైనా, ప్యాకెట్టువైనా ఒకసారి పొంగు దాకా కాచి చల్లార్చండి. పాలలోని కొన్ని ప్రొటీన్లు వేడి తగలకపోతే గ్లూటెన్‌ను, అంటే పిండిని సాగేలా పట్టి ఉంచే ప్రొటీన్ అల్లికను, బలహీనపరచి బన్ను అంతగా లేవకుండా చేస్తాయి. ఇక చల్లార్చడంలో తొందరపడితే ఈస్ట్ పని అక్కడితో సరి. 55, 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది, అది కాచిన పాలు ‘కొంచెం వేడిగా ఉన్నాయిలే’ అనిపించే వేడే. వేలు పెడితే వేడీ చలీ ఏదీ తెలియకూడదు, అప్పుడు పోయాలి. మిక్సర్‌తో కలిపేవాళ్లు ఇంకా చల్లగా, 15, 18 డిగ్రీల పాలు వాడాలి. ఎందుకంటే కొక్కెం తిరిగే రాపిడికి పిండే వేడెక్కుతుంది. కలపడం అయ్యేసరికి ముద్ద వేడి 26 డిగ్రీల చుట్టుపక్కల ఉండటం మన లక్ష్యం. 30 దాటితే వెన్న కారి పిండి జిడ్డోడుతుంది.

ఇన్‌స్టంట్‌లో ఒక చిక్కుంది, పేరుకు తగ్గట్టు వెంటనే కరిగిపోతుందనుకుంటాం. నీళ్లు ఎక్కువున్న బ్రెడ్డు పిండిలో కరుగుతుంది నిజమే. తీపి పిండిలో నీళ్లు తక్కువ, ఉన్న నీళ్లను చక్కెర లాగేసుకుంటుంది. పది నిమిషాలు పిసికాక ముద్దను సాగదీసి వెలుతురుకు పట్టి చూస్తే గోధుమ రంగు చుక్కలు అక్కడక్కడా కనిపిస్తాయి. అవి కరగని ఈస్ట్ గింజలు. అంటే వేసిన 7 గ్రాములూ పనిలోకి దిగలేదు. దీనికి మందు తేలిక. ముందు మైదాలో ఈస్ట్ వేసి బాగా కలిపి, పాలు, గుడ్డు పోసి పొడి కనబడకుండా తడిపి 20 నిమిషాలు మూతపెట్టి వదిలేయాలి. చక్కెర, ఉప్పు, వెన్న అప్పటిదాకా పక్కనే ఉండాలి. ఈ 20 నిమిషాల్లో గింజలు కరుగుతాయి, గ్లూటెన్ కూడా దానంతటదే సగం అల్లుకుంటుంది. ఈస్ట్‌ను ఐసు నీళ్లలోగానీ, ఫ్రిజ్ లోంచి తీసిన పాలలోగానీ నేరుగా వేయొద్దు. ఎండు కణం చల్లటి నీళ్లు తాగితే లోపలి పదార్థాలు బయటికి కారిపోతాయి. వాటిలోని గ్లుటాథయోన్ అనే పదార్థం గ్లూటెన్‌ను తెంపి, పిండిని బంక బంకగా చేస్తుంది. మైదాలో కలిపి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

తర్వాత ఉప్పు, చక్కెర సగం. అయిదు నిమిషాలు పిసికి మిగతా సగం. చక్కెర పడగానే ముద్ద ఒక్కసారిగా జారుగా, తడిగా మారుతుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి మైదా చల్లుతారు, మర్నాటికల్లా బన్నులు రాళ్లవుతాయి. ఏమీ చల్లొద్దు, మూడు నాలుగు నిమిషాల్లో పిండి మళ్లీ బిగుస్తుంది. చిన్న ముక్క తీసి రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీస్తే, చిరగకుండా అవతలి వెలుతురు కనిపించే పల్చటి పొర రావాలి. అది రావడం మొదలయ్యాకే మెత్తబడ్డ వెన్న, చెంచా తర్వాత చెంచా. వెన్న ముందే వేస్తే కొవ్వు మైదాకు పూతలా పట్టి గ్లూటెన్ అల్లుకోనివ్వదు. ఎంత పిసికినా పొర రాదు, నెపం ఈస్ట్ మీదికి పోతుంది.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఈస్ట్‌కు సరిగ్గా అతుకుతుంది. బన్ను లేవకపోతే ప్యాకెట్టునే తిడతాం. నిజానికి తేదీ దాటని, సరిగ్గా దాచిన ఈస్ట్ పాడైపోవడం అరుదు. ఎక్కువసార్లు దోషం చలిది. వేడి 8, 10 డిగ్రీలు తగ్గితే పొంగే వేగం దాదాపు సగమవుతుంది. 27 డిగ్రీల్లో గంటన్నర పట్టే పిండికి 18 డిగ్రీల్లో మూడు గంటలు పడుతుంది. వంటకాల్లో రాసే ‘ఒక గంట’ అన్నది ఎవరి గది వేడిదో ఎవరికీ తెలియదు. నిలువు గోడల పారదర్శక డబ్బాలో పిండి వేసి మట్టానికి రబ్బరు బ్యాండు పెడితే, రెండింతలైందో లేదో కంటికే తెలుస్తుంది. రెండో దోషం దాల్చిన చెక్క. దాల్చిన చెక్క పొడి ఈస్ట్‌ను అణచివేస్తుంది. వాసన కోసం పిండిలో చెంచాడు వేస్తే గోల్డ్ కూడా చతికిలబడుతుంది. దాన్ని ఫిల్లింగ్‌లోనే ఉంచండి, అక్కడ ఎంతున్నా నష్టం లేదు.

ఉప్పు తగిలితే ఈస్ట్ చచ్చిపోతుందన్న భయం మాత్రం అతి. పొడి మైదాలో రెండూ కలిసి ఉన్న కాసేపట్లో ఏమీ కాదు. ఉప్పు నీళ్లలో ఈస్ట్‌ను నానబెట్టడం అనేదే చేయకూడని పని.

పొంగిన పిండిని తూచి ఉండలు చేసి పది నిమిషాలు వదిలేయాలి, లేకపోతే వెనక్కి లాగుతూ ఒత్తనివ్వదు. ఒక్కో ఉండను అరచేతిలో వెడల్పు చేసేటప్పుడు మధ్యలో మందం, అంచుల్లో పల్చన. అందరూ దీనికి ఎదురు చేస్తారు. మధ్యలో బొటనవేలితో నొక్కి పల్చన చేస్తారు, అడుగు చిరిగి జామ్ ట్రేకు అంటుకుంటుంది. చుట్టూ ఒక వేలు వెడల్పు అంచు పొడిగా ఉండాలి. 25 గ్రాముల ఫిల్లింగ్ నడుమ పెట్టి, ఎదురెదురు అంచులను పైకి తెచ్చి చిటికెలా నొక్కి, మిగిలిన రెండు వైపులనూ తెచ్చి, చివరికి ముడిని మెలితిప్పి అడుగుకు పెట్టాలి. అంచుకు నూనె గానీ, జామ్ గానీ, పొడి మైదా గానీ చుక్క తగిలినా ఆ చోట అతుకు పట్టదు. ఒవెన్‌లో సరిగ్గా అక్కడే నోరు తెరుస్తుంది. ఫిల్లింగ్ చెంచాతో తీస్తే కుప్పగా నిలబడాలి, పారకూడదు. పల్చటి జామ్ ఉంటే ముందు పొయ్యి మీద దగ్గర పడేదాకా ఉడికించి పూర్తిగా చల్లార్చండి. వేడిగా పెడితే లోపలి పిండి తొందరగా పొంగి, పైది వెనకబడి, బన్ను వంకర తిరుగుతుంది. కస్టర్డ్ అయితే ఫ్రిజ్‌లో గట్టిపరిచి, ముందే ఉండలుగా చేసి పెట్టుకుంటే చేతికి హాయి.

కోసి చూస్తే ఫిల్లింగ్ పైన గుహలాంటి ఖాళీ కనిపించడం ఈ బన్నులకు ఉన్న జబ్బు. అది ఈస్ట్ వల్ల కాదు. ఫిల్లింగ్‌లోని నీరు ఆవిరై పై పిండిని ఎత్తేసి, చల్లారగానే తడి ఫిల్లింగ్ కిందికి కూలుతుంది. నీరు తగ్గించడం, ఫిల్లింగ్ పెట్టాక ఇచ్చే చివరి పొంగు పూర్తిగా కానివ్వడం, ఈ రెండే దానికి మందు. తక్కువ పొంగిన బన్ను ఒవెన్‌లో ఒక్కసారిగా లేచి గుహను పెద్దది చేస్తుంది.

ఆ చివరి పొంగులో గోల్డ్ తన విలువ చూపిస్తుంది. తీపి పిండిలో ఎరుపు మొదటి పొంగులోనే అలసిపోయినట్టుగా, రెండోసారి గంటన్నర దాటినా వేలు పెడితే వెంటనే వెనక్కి తన్నే స్థితిలోనే ఉండొచ్చు. గోల్డ్‌తో 28 డిగ్రీల్లో 50 నుంచి 70 నిమిషాలు చాలు. తడివేలితో మెల్లగా నొక్కినప్పుడు గుంట నెమ్మదిగా సగం పూడి ఆగితే ఒవెన్‌కు సిద్ధం. గుంట అలాగే ఉండిపోతే ఆలస్యమైపోయింది, వెంటనే లోపల పెట్టేయండి, గుడ్డు పూయడంలో కూడా చెయ్యి తేలికగా ఉండాలి. పెట్టెలో వేడి నీళ్ల గిన్నెతో పొంగబెట్టేవాళ్లు 32 డిగ్రీలు దాటనివ్వకండి, వెన్న కరిగి అడుగున చేరుతుంది.

180 డిగ్రీల్లో 15 నుంచి 17 నిమిషాలు. చక్కెర ఎక్కువ కాబట్టి పైన రంగు తొందరగా పట్టేస్తుంది, రంగు చూసి మోసపోవద్దు. ఫిల్లింగ్‌కు తగలకుండా పిండిలోకి గుచ్చిన థర్మామీటర్ 88, 90 చూపాలి. దిగాక ట్రేలోంచి వెంటనే జాలీ మీదికి మార్చాలి, లేకపోతే అడుగున చెమట పట్టి తడుస్తుంది. జామ్ ఉన్న బన్ను వేడి మీద కొరికితే నోరు కాలడం ఖాయం, పిల్లలకిచ్చే ముందు కనీసం అరగంట ఆగండి.

గోల్డ్‌లో లోపాలు లేవని కాదు. పిల్లలకు రోజూ బ్రెడ్డు చేసి, పండక్కో పుట్టినరోజుకో తీపి బన్నులు చేసే ఇంటికి అది అనవసరపు రెండో సీసా. ఎరుపు ఉన్నంత తేలిగ్గా దొరకదు కూడా. తొందరగా పొంగాలని దాని మోతాదును పిండిలో 2 శాతం దాటిస్తే, అంటే 500 గ్రాములకు 10 గ్రాముల పైన వేస్తే, మర్నాడు బన్నుల్లో ఈస్ట్ వాసన కొడుతుంది. రంగు తప్ప ప్యాకెట్లు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి సీసాలోకి ఒంపగానే ఏది ఏదో రాసి అంటించాల్సిందే. రకం, తెరిచిన తేదీ, రెండూ. రెండు సీసాలు తారుమారైతే కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఒక్కటే కొనాల్సి వస్తే ఎరుపు కొనండి. నెలకు రెండు మూడుసార్లకు తక్కువ కాకుండా 15 శాతం దాటిన చక్కెర పిండి చేసేవాళ్లు గోల్డ్ కొనండి, మామూలు బ్రెడ్డుకు దాన్నే వాడుకున్నా కొంప మునగదు. ఇప్పటికే యాక్టివ్ డ్రై ఇంట్లో ఉంటే అది అయిపోయేదాకా ఆగండి, పారేసి మరీ మారాల్సినంత తేడా బ్రెడ్డులో లేదు.

ఎన్నాళ్లదో గుర్తులేని సీసా దొరికితే, 120 మిల్లీలీటర్ల 40 డిగ్రీల నీళ్లలో ఒక టీస్పూన్ చక్కెర కలిపి 7 గ్రాముల ఈస్ట్ వేయండి. కొలకప్పులో చేస్తే తేలిక. పది నిమిషాల్లో నురుగు 240 గీత దాకా లేస్తే ఈస్ట్ బాగున్నట్టే, ఆ నీళ్లను పిండి నీళ్లలో తగ్గించి వాడేసుకోవచ్చు. 120, 240 గీతల మధ్య సగం దాకా వచ్చి ఆగిపోతే బ్రెడ్డుకు ఒకటిన్నర రెట్లు వేసి ఆ వారంలోనే ఖాళీ చేయండి, తీపి పిండికి మాత్రం వాడొద్దు. నురుగు లేకుండా బురద నీళ్లలా అడుగున పేరుకుంటే సీసా కడిగేసుకోండి.